మాటల పుట్టిల్లు – 4వ పాఠం: క్యాష్‌కీ కాసుకీ చుట్టరికం ఉందా?

ఈసారికి నేను రాసిపెట్టుకున్న పాఠం వేరు. నైస్, సిల్లీ, గర్ల్ లాంటి, అర్థం తలకిందులైన ఇంగ్లీషు మాటల గురించి. చివర్లో చోటు మిగిలితే ఆ సంగతి చూద్దాం. 3వ పాఠం హోంవర్క్ చూశాక, ముందు పాత బాకీ తీర్చకపోతే కుదరదనిపించింది.

పోయినసారి ఐదు మాటలిచ్చి పుట్టిల్లు కనుక్కోమన్నాను: ఆరెంజ్, క్యాష్, న్యూస్, శాలరీ, ఎయిట్. క్యాష్ దగ్గర దాదాపు అందరూ ఒకటే రాశారు, మన కాసు నుంచి వచ్చిందని. ఒకరు ఇంట్లో ఉన్న కాసులపేరు ఫొటో కూడా జతచేశారు (పేరు చాలా బాగుంది, జవాబే తప్పు). ఎయిట్ ఏమో తమిళ ఎట్టు నుంచట. ఇందులో సగం తప్పు నాదే. పోయిన పాఠమంతా పందికొక్కు బ్యాండికూట్‌గా ఎలా మారిందో, కట్టుమరం క్యాటమరాన్ ఎలా అయిందో ఊరించి ఊరించి చెప్పాను. మన మాట ఇంగ్లీషు డిక్షనరీలో కనిపిస్తే వచ్చే మత్తు నాకు తెలియనిది కాదు. ఆ మత్తు దిగకముందే హోంవర్క్ ఇచ్చేశాను, మీరు వెళ్లి ప్రతి గుమ్మం దగ్గరా మన చెప్పులే వెతికారు.

న్యూస్ ముందు తేల్చేస్తాను, ఎందుకంటే దాని మీద ఎక్కువసేపు ఉంటే నాకు కోపం వస్తుంది. నార్త్, ఈస్ట్, వెస్ట్, సౌత్ అన్న నాలుగు దిక్కుల మొదటి అక్షరాలు కలిపితే న్యూస్ అయిందట. కాలేదు. న్యూ అంటే కొత్త, న్యూస్ అంటే కొత్తవి, అంతే. ఫ్రెంచివాళ్లు నూవెల్ అనేదీ ఇలాంటిదే. మనం "ఏంటి కొత్త విశేషాలు?" అంటాం చూడండి, అదే దారి. మొదటి అక్షరాలు కలిపి మాట కట్టడమనేది దాదాపుగా ఇరవయ్యో శతాబ్దపు అలవాటు. రాడార్ అలా పుట్టింది, 1940 ప్రాంతంలో. అంతకంటే పాత మాట దేనికైనా ఇలాంటి అక్షరాల కథ చెప్తే వినేసి ఊరుకోండి, రాసుకోవద్దు.

ఇక క్యాష్. ఇక్కడ ఆగుతాను, చాలాసేపు ఆగుతాను.

ఈ మాట 1590ల ప్రాంతంలో ఇంగ్లీషు రాతల్లోకి వచ్చినప్పుడు దానికున్న అర్థం డబ్బు పెట్టుకునే పెట్టె. ఫ్రెంచిలో కెస్, ఇటాలియన్‌లో కాస్సా, వాటి వెనక లాటిన్‌లో కాప్సా, అన్నిటికీ పెట్టె అనే అర్థం. పెట్టె పేరు పెట్టెలో ఉన్నదానికి ఎలా వచ్చిందని అడుగుతారేమో, కిరాణా కొట్టులో "ఈరోజు గల్లా ఎంతయింది?" అంటే పెట్టె కొలత అడిగినట్టా, వచ్చిన డబ్బు అడిగినట్టా? అదే ఇక్కడా జరిగింది. క్యాషియర్ అంటే ఆ గల్లాపెట్టె దగ్గర కూర్చునే మనిషి. సూట్‌కేస్‌లో ఉన్న కేస్ కూడా ఆ కాప్సా బిడ్డే, మాత్రల క్యాప్సూల్ కూడా, చిన్న పెట్టె అని దానర్థం. కోర్టు కేసు మాత్రం ఈ ఇంటి పిల్ల కాదు, అది పడటం, జరగటం అనే అర్థమున్న వేరే లాటిన్ మాట నుంచి వచ్చింది. పక్కపక్కనే నిలబడ్డారని ఇద్దర్నీ ఒక ఇంటిపేరుతో పిలవకండి.

మరి కాసు? అసలు చికాకు ఇక్కడుంది. కాసు కూడా ఇంగ్లీషులోకి వెళ్లింది! వెళ్లి ఇంకో క్యాష్ అయింది. మద్రాసులో ఈస్టిండియా కంపెనీ వాళ్ల లెక్కల్లో 80 క్యాష్‌లు ఒక ఫణం, 42 ఫణాలు ఒక పగోడా (అది బంగారు నాణెం), 1818 దాకా ఇదే లెక్క. ఆ క్యాష్ అంటే చిన్న రాగి నాణెం, మన కాసే. తమిళ తీరంలో దీన్ని విన్న పోర్చుగీసువాళ్లకి సొంత భాషలో పెట్టెకి కైషా అనే మాట ముందే ఉంది, అందుకని కాసుని కూడా అదే రూపంలోకి లాగేశారు. వాళ్ల నుంచి ఇంగ్లీషువాళ్లు తీసుకున్నారు. తర్వాత చైనాలో మధ్యలో చిల్లున్న నాణేలు చూసి వాటినీ క్యాష్ అన్నారు. అందుకే పెద్ద డిక్షనరీ తీస్తే క్యాష్ అని రెండు మాటలు వేరువేరుగా కనిపిస్తాయి, ఒకటి పెట్టె, ఒకటి కాసు. మీరు ఏటీఎమ్‌లో తీసేది మొదటిది. "అయితే సగం రైటే కదా సార్" అని రాయకండి. పక్కింటాయన పేరూ మీ నాన్న పేరూ ఒకటైనంత మాత్రాన ఆయన ఆస్తిలో మీకు సగం రాదు.

కాబట్టి ఇకనుంచి ఒక్క పని చేయండి. రెండు మాటలు ఒకేలా వినిపిస్తే ఆ రెంటినీ వెనక్కి నడిపించండి. వందా రెండొందల ఏళ్లు కాదు, రాతలు దొరికినంత దూరం. వెనక్కి వెళ్తున్నకొద్దీ పోలిక పెరిగితే చుట్టరికం ఉందేమో చూడొచ్చు. వెనక్కి వెళ్తున్నకొద్దీ పోలిక కరిగిపోతే అది రైల్లో ఎదురు సీటు పరిచయం.

ఎయిట్‌ని నడిపించండి. పాత ఇంగ్లీషులో అది ఎఅహ్త, మధ్యలో గొంతులోంచి వచ్చే హకారం ఉంది. జర్మన్‌లో ఆఖ్ట్, లాటిన్‌లో ఆక్టో, సంస్కృతంలో అష్ట. నడిచేకొద్దీ ఎట్టుకి దూరమై అష్టకి దగ్గరైంది. వన్ కూడా అంతే, మలయాళం ఒన్నుతో పోల్చి మురిసిపోయినవాళ్లు ఇద్దరున్నారు. పాత ఇంగ్లీషులో అది ఆన్. ముందున్న వకారం చాలా తర్వాత నోటి అలవాటుగా వచ్చి చేరింది. అలోన్‌లో, ఓన్లీలో ఆ వకారం లేదు చూడండి, రెండూ వన్ నుంచి పుట్టినవే, అలోన్ అంటే అచ్చంగా ఆల్ వన్. వాటిల్లో పాత గొంతు మిగిలిపోయింది.

నాకు బాగా ఇష్టమైన ఉదాహరణ బద్నాం. తెలంగాణలో రోజూ వినే మాటే, "నన్నెందుకు బద్నాం చేస్తవ్?" అని. ఇది ఫార్సీ నుంచి ఉర్దూ మీదుగా వచ్చింది. ఇంగ్లీషులో బ్యాడ్ నేమ్. మాటకి మాట సరిపోయింది, అర్థానికి అర్థం సరిపోయింది, ఇంకేం కావాలి? నడిపించండి. నామ్, నేమ్, మన నామం నిజంగానే ఒకే తల్లి పిల్లలు. బద్, బ్యాడ్ మాత్రం ఒకరికొకరు ఏమీ కారు. మధ్యకాలపు ఫార్సీలో రూపం వెతికితే అది వద్ అవుతుంది, బకారం పోయింది. అంటే ఒకే జంటలో సగం నిజమైన చుట్టరికం, సగం కాకతాళీయం. దీన్ని మొదటిసారి చదివిన రోజు నేను రాత్రి చాలాసేపు పడుకోలేదు, ఇంట్లోవాళ్లకి చెప్తే "సరే పడుకో" అన్నారు.

తిరగేసి చూస్తే వీల్, చక్రం. వినడానికి పోలికే లేదు. వెనక్కి నడిస్తే పాత ఇంగ్లీషులో హ్వెఓల్, గ్రీకులో కుక్లోస్, సంస్కృతంలో చక్ర. ముగ్గురూ అక్కచెల్లెళ్లు. ఆ గ్రీకు కుక్లోస్ నుంచే సైకిల్ వచ్చింది, కాబట్టి "సైకిల్ చక్రం" అన్న ప్రతిసారీ ఒకే మాటని రెండుసార్లు అంటున్నాం. కానీ గమనించండి, చక్రం నుంచి వీల్ పుట్టిందని నేను అనలేదు. అక్కచెల్లెళ్లని తల్లీకూతుళ్లని చెయ్యకండి. సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే తల్లి పిల్లలన్న ఈ సంగతి 1786లో కలకత్తాలో జడ్జీగా ఉన్న విలియం జోన్స్ చెప్పినప్పటి నుంచి అందరికీ తెలిసిందే, తెలుగు, తమిళం లాంటి మన భాషలు వేరే కుటుంబమని 1816లో మద్రాసులో కంపెనీ ఉద్యోగి ఎల్లిస్ నిరూపించింది కూడా క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణంతో కలిపి అచ్చయిన వ్యాసంలోనే, ఇవన్నీ మీకు తెలిసే ఉంటాయి కాబట్టి ముందుకెళ్తున్నాను.

ఆరెంజ్ దగ్గర మన నారింజని చూసినవాళ్లకి మార్కులు వేశాను. దారి కూడా దాదాపు అందరూ సరిగ్గా రాశారు, సంస్కృత నారంగం, ఫార్సీ నారంగ్, అరబీ నారంజ్, అక్కణ్ణుంచి యూరప్. సంస్కృతానికి అది దక్షిణాది నుంచి వెళ్లిందనే అనుకుంటారు పండితులు. కానీ ముందున్న నకారం ఎలా పోయిందంటే "ఎ నారెంజ్ అన్నది ఆన్ ఆరెంజ్ అయింది" అని రాశారు. పాపం ఇంగ్లీషు ఈ నేరం చెయ్యలేదు. ఇంగ్లీషుకి చేరేసరికే ఫ్రెంచిలో అది ఒరెంజ్, ఇటాలియన్‌లో అరాంచా. జేబు అక్కడే కత్తిరించారు.

ఇంగ్లీషు నిజంగా కత్తిరించిన జేబులు వేరే ఉన్నాయి. ఏప్రన్ ఒకప్పుడు నాప్రన్, నాప్కిన్‌కి తోబుట్టువు. ఎ నాప్రన్ కాస్తా ఆన్ ఏప్రన్ అయింది. అంపైర్ ఒకప్పుడు నౌంపేర్, జోడీ లేనివాడు, అంటే ఇద్దరి మధ్య మూడోవాడు. యాడర్ అనే పాము ఒకప్పుడు నాడర్. ఎదురు దిశలో నిక్‌నేమ్, అది మొదట ఆన్ ఈక్‌నేమ్, అదనపు పేరు అని, ఆన్‌లోని నకారం వచ్చి పేరుకి అతుక్కుపోయింది. ఇవి చదివాక "మరి ఆరెంజ్ కూడా ఇలాగే కదా" అనిపించడం సహజం. అనిపించినదాన్ని తేదీతో సరిచూడండి, అంతే నా గొడవ.

శాలరీలో లాటిన్ ఉప్పు, అంటే సాల్, ఉన్న మాట నిజం. సలారియం నుంచి వచ్చింది. రోమన్ సైనికులకి జీతం బదులు ఉప్పు కొలిచి ఇచ్చేవాళ్లన్నది మాత్రం అప్పటి రాతల్లో ఎక్కడా లేదు. ఉప్పు తిన్న ఇల్లు అనే మాట మనకి ఎలాగూ ఉంది కదా, ఆ కథ చెవిలో పడగానే తలాడించేస్తాం.

మీ టైమ్ మిగలడానికి నా అడ్డదారి ఒకటి చెప్తాను, పండితులు ఒప్పుకోకపోవచ్చు. ఇంగ్లీషు మాట పొట్టిగా, ఇంట్లో వాడేదిగా ఉంటే ముందు జర్మన్ తోబుట్టువుని వెతకండి. కోర్టు, వంటకం, ఫ్యాషన్ అయితే ఫ్రెంచి. గుడ్డ, మసాలా, ఓడలో వచ్చే సరుకు అయితే అప్పుడు మన రేవులు చూడండి. క్యాలికో అంటే కోళికోడ్ గుడ్డ. చింట్జ్ హిందీ ఛీంట్ నుంచి, ఈ అద్దకం బట్టలు కోరమండల్ తీరం నుంచి ఓడలెక్కాయి, మన మచిలీపట్నంలో ఇంగ్లీషువాళ్లు కొట్టు తెరిచింది 1611లో. ఆఖరికి గోల్కొండ అనే పేరు కూడా ఇంగ్లీషులో అంతులేని సంపద అనే మామూలు నామవాచకం అయిపోయింది. మాట వెనక సరుకు, సరుకు వెనక ఓడ కనిపిస్తే నమ్మకం పెంచుకోండి. షాంపూ కూడా వచ్చేది ఈ దారినే, హిందీ చాంపో, అంటే ఒత్తు, మర్దన చెయ్యి. సబ్బునురగ అర్థం తర్వాత వచ్చింది.

అసలు పాఠానికి మిగిలిన చోటు ఇంతే. నైస్ లాటిన్ నెస్కియుస్ నుంచి వచ్చింది, తెలియనివాడు అని అర్థం, 1300 ప్రాంతంలో ఎవర్నైనా నైస్ అంటే తెలివితక్కువవాడని తిట్టినట్టే. సిల్లీ ఎదురు దిశలో ప్రయాణం చేసింది, ధన్యుడు, అమాయకుడు, పాపం, ఆఖరికి వెర్రివాడు. మన కంపు కూడా పాత కావ్యాల్లో పరిమళమే, ఇప్పుడు ముక్కు మూసుకుంటాం. గర్ల్ ఒకప్పుడు ఆడైనా మగైనా పిల్లే. డీర్ ఏ జంతువైనా సరే, జర్మన్‌లో టీర్ అంటే ఇప్పటికీ జంతువే, మన చీర కూడా ఒకప్పుడు ఎవరు కట్టినా చీరే. వివరంగా 5వ పాఠంలో.

హోంవర్క్ ఈసారి కొంచెం ఎక్కువే. మీ వంటింట్లో నిలబడి, ఇంగ్లీషు పేరుతో పిలిచే 12 వస్తువులు రాయండి. ఒక్కోదానికి మూడు కావాలి: దొరికినంతలో అతి పాత అర్థం, మధ్యలో కనీసం రెండు మజిలీలు, ఒక తోబుట్టువు మాట. విడిగా ఒక ప్రశ్న, తువ్వాలు అనే మాట ఇంగ్లీషు టవల్ నుంచి వచ్చిందా? అవును అని ఒక్క ముక్కలో రాసినవాళ్ల కాగితం నేను చదవను. ఇంకోటి, మ్యాంగో గురించి రాసేవాళ్లు నేరుగా తమిళ మాంగాయ్ నుంచి లండన్‌కి దూకేసి, మధ్యలో పోర్చుగీసువాళ్లని మర్చిపోతే రెండు మార్కులు కట్.