కాన్పు తర్వాత కటి కండరాలను తిరిగి బలపరచుకోవడం ఎలా?

కాన్పయి మూడు నెలలు దాటినా దగ్గితే, తుమ్మితే చీర తడుస్తోందని ఎవరికీ చెప్పుకోలేక, బిడ్డల తల్లికి ఇవన్నీ మామూలేనని సరిపెట్టుకునే స్త్రీలు మన నెల్లూరు, ప్రకాశం పల్లెల్లో తక్కువేమీ కాదు. ఇది చాలామందికి వచ్చేదే గాని, భరించి ఊరుకోవలసినది మాత్రం కాదు. మూత్రాశయాన్ని, గర్భసంచిని, పేగు చివరి భాగాన్ని కింద నుంచి మోసే ఈ కటి కండరాలు నులక మంచపు అల్లిక వంటివి. తొమ్మిది నెలల బరువుకూ, బిడ్డ తల బయటికి వచ్చేటప్పటి సాగుడుకూ ఆ అల్లిక వదులవుతుంది, ఒక్కోసారి తెగుతుంది కూడా. సిజేరియన్ అయినవారికీ గర్భం మోసిన భారం ఉంటుంది కనుక ఈ జాగ్రత్తలు వారికీ వర్తిస్తాయి.

ముందుగా, ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చేలోపే, కాన్పులో యోని దగ్గర చిరుగు పడి ఉంటే అది ఎంతవరకు పోయిందో అడిగి, డిశ్చార్జి కాగితం మీద రాయించుకోవాలి. చిరుగును నాలుగు స్థాయిలుగా చెబుతారు. మొదటి స్థాయిలో చర్మమే చిరుగుతుంది, రెండో స్థాయిలో దాని కింది కండరం కూడా. మూడు, నాలుగు స్థాయిల్లో మలద్వారాన్ని బిగించి ఉంచే కండరం దెబ్బతింటుంది కాబట్టి, అటువంటివారు వ్యాయామం ఎప్పుడు మొదలుపెట్టాలో డాక్టరునే అడగాలి.

మొదటి వారాల్లో కుట్లను శుభ్రంగా, పొడిగా ఉంచుకోవడమే పని. మూత్రానికి వెళ్లినప్పుడల్లా ఆ భాగంపై గోరువెచ్చని నీళ్లు పోసుకుని, మెత్తని శుభ్రమైన గుడ్డతో అద్దుకోవాలి. ప్యాడ్లను తరచుగా మార్చుకోవాలి. కుట్లు సాధారణంగా వాటంతట అవే కరిగిపోతాయి.

ఇక్కడ పథ్యం సంగతి చెప్పక తప్పదు. బాలింతకు నీళ్లు ఎక్కువ ఇస్తే పొట్ట పెరుగుతుందని, కుట్లు చీము పడతాయని అడ్డుపడే పెద్దలు ప్రేమతోనే ఆ మాట అంటారు. కానీ పాలిచ్చే తల్లికి నీరు తగ్గితే మలం గట్టిపడి, ముక్కినప్పుడల్లా అప్పుడే మానుతున్న కండరాలపైనే ఒత్తిడి పడుతుంది. దాహం తీరేంత నీరు, ఆకుకూరలు, జామపండు, సజ్జ లేదా రాగి సంగటి తీసుకోవాలి. మలవిసర్జన సమయంలో కుట్ల దగ్గర శుభ్రమైన ప్యాడును మెల్లగా అదిమి పట్టుకుంటే నొప్పి తగ్గుతుంది. కమోడు మీద కూర్చునేవారు పాదాల కింద చిన్న పీట వేసుకోవచ్చు. నడికట్టు ఊపిరాడనంత బిగించి కడితే ఆ ఒత్తిడి కిందికే దిగుతుంది.

నొప్పి తగ్గి, మూత్రం మామూలుగా వస్తున్నప్పుడు వ్యాయామం ప్రారంభించాలి. అమెరికా స్త్రీవైద్యుడు ఆర్నాల్డ్ కెగెల్ 1948లో వివరించిన పద్ధతి ఇదే. మోకాళ్లు మడిచి వెల్లకిలా పడుకుని, మూత్రాన్నీ అపానవాయువునూ ఒకేసారి ఆపుకుంటున్నట్టు ఆ కండరాలను లోపలికి, పైకి లాగాలి. పొట్ట, పిరుదులు, తొడలు బిగుసుకోకూడదు, ఊపిరి బిగబట్టకూడదు. మొదట్లో రెండు మూడు సెకన్లు నిలిపినా చాలు, క్రమంగా 10 సెకన్ల వరకు పెంచుకోవచ్చు. ఎంతసేపు బిగించారో, ఆ తర్వాత అంతసేపూ వదులుగా వదిలేయాలి. చాలామంది తప్పు చేసేది ఈ వదలడంలోనే. ఇలా 8 నుంచి 10 సార్లు చేసి, తర్వాత మరో పదిసార్లు టక్కున బిగించి వదలాలి. రోజుకు మూడుసార్లు, కనీసం 3 నెలలు చేయాలి. బిడ్డకు పాలిచ్చేటప్పుడు చేస్తే మరిచిపోవడం ఉండదు. మూత్రం పోస్తూ మధ్యలో ఆపడం మాత్రం రోజూ చేసే వ్యాయామంగా పెట్టుకోకూడదు. దగ్గు, తుమ్ము వస్తున్నట్టు తెలియగానే ముందే బిగించుకోవడం అలవాటు చేసుకుంటే చుక్కలు పడటం తగ్గుతుంది. బిగించేకొద్దీ నొప్పి పెరుగుతుంటే కండరం వదులు కాకపోగా బిగుసుకుపోయి ఉండవచ్చు కనుక, ఆపేసి ఫిజియోథెరపిస్టును కలవాలి.

మొదటి ఆరు వారాలు బిడ్డకంటే బరువైనదేదీ ఎత్తకపోవడం మంచిది. కనిగిరి వైపు తాగునీటి బిందెలు, కందుకూరు వైపు పొగాకు మోపులు, నెల్లూరు డెల్టాలో గంటల తరబడి వంగి చేసే నాట్లు ఇంట్లో మరొకరు పంచుకోవలసిన పనులు. ఎత్తక తప్పనప్పుడు ముందు కండరాన్ని బిగించి, ఊపిరి వదులుతూ ఎత్తాలి.

ఆస్పత్రి కాన్పు అయితే ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఇంటికి వస్తారు. బిడ్డ బరువుతోపాటు ఈ ఇబ్బందినీ ఆమెతో చెప్పాలి. జ్వరం, కుట్ల నుంచి చీము లేదా దుర్వాసన, ఆగని రక్తస్రావం, మలం గానీ గాలి గానీ ఆపుకోలేకపోవడం, మూత్రం నిరంతరం కారడం, అసలు రాకపోవడం కనిపిస్తే 42వ రోజు దాకా ఆగకుండా వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. ఒంగోలు, నెల్లూరు ప్రభుత్వ సర్వజన ఆస్పత్రుల్లో స్త్రీవైద్య విభాగాలు ఉన్నాయి. యోని దగ్గర ఏదో జారి దిగినట్టుంటే అది గర్భసంచి గానీ మూత్రాశయం గానీ కావచ్చు. వ్యాయామంతో సరిపోనివారికి లోపల అమర్చే రింగు, అవసరమైతే శస్త్రచికిత్స ఉన్నాయి. మళ్లీ గర్భం వచ్చినప్పుడు, మొదటి కాన్పు నాటి ఆ డిశ్చార్జి కాగితాన్ని మొదటి పరీక్షలోనే డాక్టరు ముందు పెట్టాలి.