దీపం గూడు మీద చెక్క పలక బిగించుకోవాలంటే

తిరుపతి పాత వీధుల్లో, చిత్తూరు చుట్టుపక్కల పల్లెల్లో ఇటుక గోడలో దీపం గూడు ఉన్న ఇళ్లు ఇంకా ఉన్నాయి. మీ ఇంట్లో ఉంటే దయచేసి దాన్ని పూడ్చేయకండి. పైన గట్టి చెక్క పలక ఒకటి బిగించి స్వామి పటాలు పెట్టుకుంటే అదే పూజ మందిరం అవుతుంది, వేరే కొనాల్సిన పనే లేదు. కాకపోతే కింద నిప్పు ఉంటుంది, వెనక పాత గోడ ఉంటుంది, ఈ రెండింటినీ చూసుకున్నాకే చెక్క సంగతి.

మా అమ్మ వాళ్లింట్లో మొదటిసారి గూడుకు జానెడు ఎత్తులోనే పలక పెట్టేశాం, రోజూ వెలిగించేది ఒక్క ప్రమిదే కదా అని. పెరటాసి (తమిళ నెల) శనివారం తళిగ (స్వామికి నైవేద్యం) వేసి వరసగా పిండిదీపాలు పెట్టాక చూస్తే పలక అడుగుభాగం గోధుమ రంగుకు తిరిగింది, చెయ్యి పెడితే చుర్రుమంది. గూట్లో వేడి లోపలే ఉండిపోదు, నోట్లోంచి బయటికొచ్చి గోడ వెంటే పైకి పాకుతుంది, పలక ఎంత ముందుకు వస్తే అంత వేడి దాని కింద చిక్కుకుంటుంది. అమెరికాలో ఇళ్లలో చలిమంట గూళ్లు (ఫైర్‌ప్లేస్‌లు) ఉంటాయి కదా, అక్కడి నిర్మాణ నిబంధనల ప్రకారం గూడు నోటికి 6 అంగుళాల లోపు చెక్క అసలు ఉండకూడదు, 12 అంగుళాల లోపు ఉంటే ప్రతి అంగుళం దూరానికి అంగుళంలో ఎనిమిదో వంతుకు మించి ముందుకు రాకూడదు. మనది చిన్న దీపమే అయినా పండగ రోజులను లెక్కలో పెట్టుకుని నేను అడుగున్నర వదలమంటాను. పలక వెడల్పు 9 అంగుళాలు చాలు. ఇంకా భయముంటే అడుగున రాగి రేకు వేయండి, కానీ చెక్కకు అంటించి మేకులు కొట్టొద్దు, వేడి నేరుగా చెక్కలోకే పోతుంది. చిన్న గొట్టం ముక్కలు మధ్యలో పెట్టి అర అంగుళం సందు వదిలితే గాలి ఆడుతుంది.

ఇక గోడ. అసలు పనంతా ఇక్కడే. 4 అడుగుల పొడవు, 9 అంగుళాల వెడల్పు, 2 అంగుళాల మందం ఉన్న టేకు పలక ఒక్కటే దాదాపు 9 కిలోలు తూగుతుంది, దాని మీద అద్దం పటాలు, ఇత్తడి విగ్రహాలు. ముందు గోడను వేళ్లతో తట్టండి, డొల్లగా మోగిన చోట పూత ఇటుకను వదిలేసిందని అర్థం, అక్కడ బిగించొద్దు. స్విచ్ బోర్డు దగ్గరుంటే వైరు ఎటు పోయిందో చూసుకుని మెయిన్ ఆపండి. డ్రిల్లు వేసేటప్పుడు రాలే పొడిని గమనించండి: ఎర్రగా వస్తే ఇటుకలో దిగుతోంది, తెల్లగానో మట్టి రంగులోనో వస్తూనే ఉంటే రెండు ఇటుకల మధ్య సందులో ఉన్నారు. పాత సున్నం సందు బరువు పట్టదు, పక్కకు జరిపి మళ్లీ వేయండి. పాత ఇటుక మెత్తన, అందుకే హ్యామర్ మోడ్ ఆపేసి నెమ్మదిగా తిప్పాలి. బిగించే కొద్దీ విచ్చుకునే ఇనుప ఫాస్టెనర్లు కాంక్రీటుకు బాగుంటాయి గానీ ఇలాంటి ఇటుకను చీల్చేస్తాయి. కెమికల్ యాంకర్ వాడండి, అంటే పలక కింది బ్రాకెట్లను పట్టే ఇనుప రాడ్‌ను జిగురులా గట్టిపడే మందుతో ఇటుకలో అతికించడం. రంధ్రంలో పొడి మొత్తం ఊదేసి, మందు ఎక్కించి, రాడ్ దించి, ఒక రోజు కదపకుండా వదిలేయాలి. పూత అంగుళం మందం ఉంటే ఆ అంగుళాన్ని లెక్కలోంచి తీసేయండి, రాడ్ కనీసం 3 అంగుళాలు ఇటుకలోనే ఉండాలి.

చెక్కకు పాత ఇళ్లు కూల్చినప్పుడు వచ్చే టేకు ద్వారబంధాల ముక్కలు వెతకండి, ఎన్నో ఏళ్లు ఎండి ఉంటాయి కాబట్టి మన ఎండలకు వంకర పోవు. వడ్రంగి ఆచారి చేత చిత్రిక పట్టించే ముందు పాత మేకులన్నీ తీసేయాలి, లేకపోతే ఆయన ఉలి పోతుంది. వేప కూడా మంచిదే. మామిడి చవకే కానీ పురుగు తొందరగా పడుతుంది. దేవుడికి కదా అని ఎవరైనా ఎర్రచందనం తెచ్చిస్తామంటే ఒప్పుకోకండి, అనుమతి లేకుండా అది ఇంట్లో ఉంటేనే కేసు.

పలకను గోడకు ఆనించకుండా వేలెడు సందు వదలండి, చెదలు గోడలోంచి మట్టి గీత కట్టుకుంటూ వస్తే కంటికి కనబడుతుంది. బ్రాకెట్ల రంధ్రాలు కోలగా ఉంటే ఎండాకాలం చెక్క ముడుచుకున్నా పగలదు. మెరుపుకు అవిసె నూనె పూస్తే, తుడిచిన గుడ్డను ఉండ చుట్టి మూల పడేయొద్దు, అది తనంతట తానే వేడెక్కి అంటుకుంటుంది. నీళ్లలో ముంచండి, లేదా ఆరుబయట విడిగా పరిచి ఆరేయండి.

పటాలు ఎక్కించే ముందు వాటికి రెట్టింపు బరువు ఇటుకలు పేర్చి ఒక రాత్రి వదలండి. పొద్దున లెవెల్ పెట్టి చూసి, వెంట్రుకంత వాలినా విప్పేసి మళ్లీ బిగించండి.