పిల్లల ఒంటి మీది పొక్కులను గుర్తుపట్టడం – 4వ పాఠం: పొట్ట మీద ఎందుకు లేవు?

గత పాఠంలో ఆటలమ్మను చూశాం. పొట్ట, ఛాతీ, వీపు మీద గుమిగూడే నీటి పొక్కులు, వాటి పక్కనే ఎండిన చెక్కులు గుర్తున్నాయి కదా. ఈసారి అందుకు తలకిందులుగా ఉండే అరుదైన జబ్బు: జియానొట్టి-క్రోస్టి సిండ్రోమ్. 1955లో మిలాన్‌లో ఫెర్డినాండో జియానొట్టి దీన్ని మొదట వర్ణించారు. పేరు నోరు తిరగకపోయినా ఫరవాలేదు, ఆకారం గుర్తుంటే చాలు.

కాగితం మీద మనిషి బొమ్మ రెండు వైపులా గీయండి. బిడ్డను పగటి వెలుతురులో నిలబెట్టి, పొక్కు ఉన్నచోటల్లా బొమ్మలో చుక్క పెట్టండి. బుగ్గలు, పిరుదులు, చేతులు, కాళ్ల వెలుపలి వైపు చుక్కలతో నిండిపోతాయి, అదీ కుడిఎడమలు ఒకేలా. పొట్ట, వీపు మాత్రం దాదాపు ఖాళీ. మన ఇళ్లలో ఏ పొక్కు లేచినా అమ్మవారు పోసిందని వేపాకు తెస్తారు. ఆ తొందరలో ఈ ఖాళీని ఎవరూ చూడరు.

ఇప్పుడు వేలితో తడమండి. గట్టిగా, తల చదునుగా, అన్నీ ఇంచుమించు ఒకే పరిమాణంలో తగులుతాయి. లోపల నీరు ఉండదు. పుస్తకాల్లోని బొమ్మల్లో గులాబీ రంగు కనిపిస్తుంది. మన చామనఛాయ ఒంటి మీద గోధుమ రంగులోనో చర్మం రంగులోనో కలిసిపోతాయి కాబట్టి కంటికన్నా వేలినే నమ్ముతాను. దురద చాలామందిలో స్వల్పం. రాత్రుళ్లు నిద్ర పట్టనంత దురద, వేళ్ల సందుల్లో పొక్కులు ఉంటే గజ్జిని అనుమానించండి.

ఇది వైరస్ సోకినప్పుడు ఒంటి రోగనిరోధక శక్తి చూపే ప్రతిస్పందన. ఒకప్పుడు ఇటలీలో కాలేయానికి సోకే హెపటైటిస్-బితో ముడిపడి కనిపించింది. ఆ టీకా విస్తరించాక, చాలామందికి చిన్నప్పుడే సోకే ఎప్‌స్టీన్-బార్ వైరస్ వంటివి కారణాలుగా ముందుకొచ్చాయి. సాధారణంగా 2 నుంచి 8 వారాల్లో మచ్చ మిగలకుండా తగ్గుతుంది, ప్రత్యేక మందు అక్కరలేదు. నిర్ధారణ డాక్టరే చేయాలి. కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా ఆలస్యం వద్దు.

అభ్యాసం: మూడేళ్ల పాప. పది రోజుల కిందట జలుబు చేసింది. పిరుదులు, కాళ్ల మీద చుక్కలు ఉన్నాయి, పొట్ట ఖాళీ. గాజు గ్లాసుతో నొక్కినా చుక్కల రంగు చెదరడం లేదు. ఈ పాపను ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఎందుకో రాసి ఉంచుకోండి, 5వ పాఠంలో సరిచూసుకుందాం.