జాజ్‌లోకి ఖరహరప్రియ దారి

నా దగ్గర వయొలిన్ నేర్చుకునే పిల్లలు ఈ మధ్య తరచూ అడుగుతున్నారు: "జాజ్ వినాలనుంది మాస్టారూ, ఎక్కడ మొదలుపెట్టమంటారు?" ఫోన్లో వెతికితే వందల పేర్లు, డజను శైలులు ఒక్కసారిగా మీద పడతాయి. చాలామంది అక్కడే ఆగిపోతున్నారు. విజయనగరం చెవికి అంత బెంగ అక్కర్లేదు. 1919లోనే సంగీత కళాశాల పెట్టుకున్న ఊరు మనది. పరాయి దేశం నుంచి వచ్చిన ఫిడేలు మీద ద్వారం వెంకటస్వామి నాయుడు గారు త్యాగరాజ కీర్తనలు పలికిస్తే మనసారా విన్న ఊరు. నేను చెప్పే దారి కాస్తో కూస్తో సంగీతం వచ్చినవాళ్లకు సులువు. రానివాళ్లకు ఆది తాళం వేయడం తెలిస్తే చాలు.

జాజ్‌ని దాని పుట్టుక నుంచి వరసగా వినాలని పంతం పట్టకండి. ఆ పుట్టుక మనకు వినపడదు కూడా. 1900 ప్రాంతంలో అమెరికాలోని న్యూ ఆర్లీన్స్ ఊరిని తన కార్నెట్‌తో (ట్రంపెట్‌లాంటి ఊదే వాద్యం) ఊపేసిన బడ్డీ బోల్డెన్‌ది ఒక్క రికార్డూ మనకు దక్కలేదు. తొలి జాజ్ రికార్డని చెప్పుకునేది 1917లో వచ్చింది. అది వాయించింది తెల్లవాళ్ల బ్యాండు. అందుకని నేరుగా మధ్యలోకి, 1959కి వెళ్లండి. ట్రంపెట్ వాయించే మైల్స్ డేవిస్ ఆల్బమ్ 'కైండ్ ఆఫ్ బ్లూ', అందులో మొదటిది 'సో వాట్'. ఓ వారం పాటు అదొక్కటే వినండి.

ఫోన్ స్పీకర్లో మాత్రం వద్దు. ఇందులో పల్లవి వాయించేది బేస్, అంటే మంద్రంగా పలికే పెద్ద తీగవాద్యం. ఫోన్ స్పీకర్‌కి ఆ మంద్రం అందదు, సగం సంగీతం పోతుంది. మామూలు ఇయర్‌ఫోన్లైనా సరే, పెట్టుకుని అయ్యకోనేరు గట్టు మీద ఓ పక్కన కూర్చోండి.

మొదట అర నిమిషం పాటు పియానో, బేస్ కలిసి తాళం లేకుండా మెల్లగా నడుస్తాయి. తరువాత లయ స్థిరపడుతుంది. పాల్ చాంబర్స్ బేస్ మీద ఒక మాట అంటాడు, పియానో రెండు దెబ్బల్లో బదులిస్తుంది. కాసేపటికి ఆ బదులు ట్రంపెట్, శాక్సఫోన్లు అందుకుంటాయి. ఇక్కడి నుంచి ఆది తాళం వేయండి. ఎనిమిది ఆవర్తనాలు ఒక షడ్జమం మీద నడుస్తుంది. తరువాత నాలుగు ఆవర్తనాలు మొత్తం అర స్వరం పైకి జరుగుతుంది. మళ్లీ నాలుగు ఆవర్తనాలు కిందికి, మొదటి చోటికి. మొత్తం పదహారు, అదే ఒక చుట్టు. ఇక పాటంతా ఈ చుట్టే. మైల్స్ రెండు చుట్లు, శాక్సఫోన్ల మీద జాన్ కోల్ట్రేన్ రెండు, కానన్‌బాల్ ఆడర్లీ రెండు, పియానో మీద బిల్ ఎవాన్స్ ఒకటి వాయిస్తారు. చివర్లో బేస్ పల్లవితో మళ్లీ వస్తుంది. మైల్స్ మొదలుపెట్టే చోట డ్రమ్స్ వాయించే జిమ్మీ కాబ్ సింబల్ మీద వేసిన దెబ్బ చాలాసేపు మోగుతూనే ఉంటుంది. ఆ ఒక్క దెబ్బ కోసం నేను మళ్లీ మళ్లీ వెనక్కి తిప్పి వింటాను.

స్వరాల సంగతి. ఆ ఎనిమిది ఆవర్తనాల్లో వాడే స్వరస్థానాలు మన ఖరహరప్రియ రాగానివే. హార్మోనియం మీద డి నుంచి పై డి దాకా తెల్ల మెట్లు నొక్కి చూడండి. అయితే గమకాలు (స్వరాన్ని ఊపి పలికించడం), జీవస్వరాలు (రాగానికి ప్రాణమైన స్వరాలు) వెతకొద్దు. మెట్లు అవే, నడక వేరు. కల్పనస్వరం (అప్పటికప్పుడు అల్లే స్వరాలు) వేసేటప్పుడు ఎడుపు, అంటే పాట మళ్లీ ఎత్తుకునే చోటు, ఎక్కడ పడుతుందా అని కాచుకుని ఉంటాం కదా, అలాగే ఇక్కడ చుట్టు మారే చోటు కోసం కాచుకోండి. కోల్ట్రేన్ స్వరాలు గుప్పిస్తాడు. మైల్స్ స్వరాల మధ్య మౌనానికే ఎక్కువ చోటిస్తాడు. ఒకే చుట్టు మీద ఇద్దరు మనుషులు ఇంత వేరుగా ఎలా మాట్లాడారో తెలిశాక మీకు జాజ్ సగం తెలిసినట్టే.

ఇప్పుడు చరిత్ర. శైలుల పేర్లు బట్టీ పట్టకండి, గురుపరంపర పట్టుకోండి. వెనక్కి వెళ్దాం. మైల్స్ కుర్రతనంలో శాక్సఫోన్ విద్వాంసుడు చార్లీ పార్కర్‌ని వెతుక్కుంటూ న్యూయార్క్‌లో తిరిగాడు. 1945లో పార్కర్ రికార్డింగుల్లో మైల్స్ ట్రంపెట్ కూడా వినిపిస్తుంది. పార్కర్ తన వంతుగా లెస్టర్ యంగ్ శాక్సఫోన్ వాదనను రికార్డుల నుంచి కంఠతా పట్టాడు. లెస్టర్ యంగ్ గాయని బిల్లీ హాలిడే పాటకు పక్కన నిలిచి వాయించాడు. 1937 నాటి ఆ రికార్డులు వినండి, పక్కవాద్యం అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. బిల్లీ తను నేర్చుకున్నది గాయని బెస్సీ స్మిత్, ట్రంపెట్ వాయించే లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ రికార్డుల నుంచి అని చెప్పింది. ఆర్మ్‌స్ట్రాంగ్‌ని 1922లో షికాగోకి, తన బ్యాండులోకి పిలిపించింది కార్నెట్ వాయించే కింగ్ ఆలివర్. ఇద్దరూ న్యూ ఆర్లీన్స్ వాళ్లే.

ఇక్కడ రెండు రికార్డులు తప్పవు. ఒకటి ఆర్మ్‌స్ట్రాంగ్ 1928లో వాయించిన 'వెస్ట్ ఎండ్ బ్లూస్', ఆలివర్ కట్టిన వరస. మొదట్లో ట్రంపెట్ ఒక్కటే, వెనక ఎవరూ లేకుండా, నింగికి ఎగసి దిగుతుంది. చివర్లో ఒకే పైస్వరాన్ని దాదాపు రెండు ఆది తాళ ఆవర్తనాలు నిలబెడతాడు. రెండోది ఆలివర్ బ్యాండు 1923 రికార్డుల్లో ఏదైనా. గరగరమంటాయి, ఓర్చుకోండి. కార్నెట్లు వరస వాయిస్తుంటే క్లారినెట్ పైన అల్లుకుంటుంది, ట్రాంబోన్ కింద నుంచి జారుతుంది. అందరూ ఒకేసారి. పెళ్లి ఊరేగింపుల్లో బ్యాండు మేళం వింటూ పెరిగిన మనకు ఆ సందడి పరాయిగా అనిపించదు.

ఇంకొక సంగతి దాటేస్తే ఇదంతా వట్టి కాలక్షేపమే అవుతుంది. ఈ సంగీతాన్ని కట్టినవాళ్లు అమెరికాలోని నల్లవాళ్లు, బానిసల వారసులు. చెట్లకు వేలాడదీసిన నల్లవాళ్ల శవాల మీద బిల్లీ హాలిడే 1939లో 'స్ట్రేంజ్ ఫ్రూట్' పాడింది. ఆమె రికార్డు కంపెనీ దాన్ని చేయనంటే వేరే చిన్న కంపెనీలో చేయించుకుంది. 1959 ఆగస్టులో 'కైండ్ ఆఫ్ బ్లూ' విడుదలైన కొద్ది రోజులకే, తాను వాయిస్తున్న క్లబ్బు బయట నిలబడ్డ మైల్స్ డేవిస్‌ని న్యూయార్క్ పోలీసులు తల పగిలేలా కొట్టారు. గుమ్మం మీద అతని పేరే రాసి ఉంది. 'సో వాట్' మళ్లీ వింటున్నప్పుడు ఇది గుర్తుంచుకోండి.

ఇక ముందుకు వెళ్లాలంటే కోల్ట్రేన్ చెయ్యి పట్టుకోండి. రవిశంకర్ అంటే ఆయనకు ఎంత గౌరవమంటే కొడుక్కి రవి అని పేరు పెట్టుకున్నాడు. 1961లో 'ఇండియా' అనే పేరుతోనే ఒకటి వాయించాడు. అయితే నా పిల్లలకు నేను వినిపించేది 1964 డిసెంబరులో రికార్డు చేసిన 'ఎ లవ్ సుప్రీం'. దేవుడికి అర్పించిన నాలుగు భాగాల రచన. మొదటి భాగంలో నాలుగు స్వరాల చిన్న మాట ఒకటి ఉంటుంది. దాన్ని ఆయన పన్నెండు శ్రుతుల్లోనూ వాయించి, చివరికి నోటితో జపంలా అంటాడు. నాలుగో భాగంలో తాళం లేదు. ఆయన రాసుకున్న ప్రార్థన ఆల్బమ్ అట్ట మీద అచ్చయి ఉంది. శాక్సఫోన్ ఆ ప్రార్థనను అక్షరం అక్షరంగా పలుకుతుంది. వయొలిన్ మీద కీర్తన వాయిస్తూ లోపల సాహిత్యం అనుకోమని మనం పిల్లలకు చెప్పేది సరిగ్గా ఇదే. ఆ ప్రార్థన నెట్‌లో దొరుకుతుంది. కాగితం మీద రాసుకుని, వేలు పెట్టి చదువుకుంటూ వినండి.