మెయిల్ డేటా ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు – మూడో భాగం: పర్మిషన్ ఎర్రర్లు

రెండో భాగంలో లినక్స్‌లోని పాత యూజర్ ఖాతా నుంచి థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రామ్ ప్రొఫైల్ ఫోల్డర్ (దాని మెయిళ్లూ సెట్టింగులూ ఉండే చోటు) మొత్తాన్ని కొత్త ఖాతాలోకి కాపీ చేశాం. ఒక ఖాతా హోమ్ ఫోల్డర్‌లోకి ఇంకో ఖాతా వెళ్లడానికి మామూలుగా వీలుండదు కాబట్టి ఆ పని సుడోతో, అంటే రూట్ అనే సర్వాధికార ఖాతా హక్కులతో కమాండ్ నడిపే పద్ధతిలో చేయాల్సి వచ్చింది. ఈ భాగంలోని తలనొప్పంతా ఆ సుడో వల్లే.

కొత్త ఖాతాలో లాగిన్ అయి థండర్‌బర్డ్ తెరిస్తే, చాలామందికి ఇన్‌బాక్స్ బదులు ఒక చిన్న పెట్టె కనిపిస్తుంది. ‘థండర్‌బర్డ్ ఇప్పటికే నడుస్తోంది, కానీ స్పందించడం లేదు’ అని ఒక రకం. ప్రొఫైల్ లోడ్ కాలేదు, అది లేకపోయైనా ఉండాలి లేదా అందుబాటులో లేకైనా ఉండాలి అని ఇంకో రకం. మొదటిది బాగా తప్పుదారి పట్టిస్తుంది. నడవని ప్రోగ్రామ్‌ను ఆపాలని సిస్టమ్‌ను రీస్టార్ట్ మీద రీస్టార్ట్ చేస్తారు పాపం. అసలు జరిగేది వేరు. థండర్‌బర్డ్ మొదలవగానే ప్రొఫైల్ ఫోల్డర్‌లో ఒక లాక్ ఫైల్ పెట్టుకుంటుంది. అక్కడ రాసే హక్కు లేకపోతే లాక్ దొరకదు. లాక్ దొరకలేదంటే ఇంకెవరో వాడుతున్నారని అనుకుంటుంది.

ఇంకో రకం ఇబ్బంది కూడా ఉంది, ఇది ఇంకా మోసకారి. చదివే హక్కు ఉండి, కొన్ని ఫైళ్లకు మాత్రం రాసే హక్కు లేకపోతే థండర్‌బర్డ్ తెరుచుకుంటుంది, పాత మెయిళ్లూ కనిపిస్తాయి. కానీ డిలీట్ చేసింది పోదు, కంపాక్ట్ చేస్తే (డిలీట్ చేసిన మెయిళ్ల చోటు ఖాళీ చేస్తే) ఎర్రర్ వస్తుంది, కొత్త మెయిల్ దిగదు. సర్వర్‌లో ఏదో తేడా ఉందని ఖాతా సెట్టింగులు మార్చుకుంటూ కూర్చోకండి, ముందు ఫైళ్లు ఎవరి పేరు మీద ఉన్నాయో చూడండి.

ఒక మాట. కమాండ్లను ఇక్కడ పలికే తీరులో తెలుగు లిపిలో రాస్తున్నాను. మీరు ఇంగ్లీషు అక్షరాల్లోనే టైప్ చేయాలి, క్యాపిటల్ అని చెప్పిన చోట తప్ప మిగతావన్నీ చిన్న అక్షరాలే.

టెర్మినల్ తెరిచి ముందు ‘ఐడీ -యు’ కొట్టండి. మీ ఖాతా నంబరు వస్తుంది. ఉబుంటు, డెబియన్, ఫెడోరాల్లో మొదట తయారైన ఖాతాకు మామూలుగా 1000, రెండోదానికి 1001 ఉంటాయి. తర్వాత ‘ఎల్‌ఎస్ -ఎల్ఏఎన్ ~/.థండర్‌బర్డ్’ కొట్టి మూడో నిలువు వరుస చూడండి (~ అంటే మీ హోమ్ ఫోల్డర్). ఫైలు యజమాని నంబరు అదే. సిస్టమ్ గుండెకాయ అయిన కెర్నల్‌కు మీ పేరుతో పని లేదు, ఈ నంబరే దానికి లెక్క.

నంబరును బట్టి కాపీ ఎలా జరిగిందో తెలిసిపోతుంది. సున్నా ఉంటే సుడోతో ‘సీపీ -ఆర్’ వాడారన్నమాట: కొత్త కాపీలు రూట్ పేరు మీద పుట్టాయి. పాత ఖాతా నంబరు ఉంటే ‘సీపీ -ఏ’ వాడారు, అది పాత యజమానిని అలాగే మోసుకొస్తుంది. ఇల్లు కొనుక్కుని సామాను దించేశాం, కానీ దస్తావేజులు ఇంకా పాతవాళ్ల పేరు మీదే ఉన్నాయి. ఒక కంప్యూటర్ నుంచి ఇంకో కంప్యూటర్‌కు మార్చినప్పుడు కొందరికి ఏ ఎర్రరూ రాదెందుకంటే, రెండు చోట్లా వాళ్లే మొదటి యూజర్, రెండు చోట్లా 1000. కాకతాళీయంగా కుదిరింది, అంతే. ఫ్యాట్ లేదా ఎక్స్‌ఫ్యాట్ పెన్‌డ్రైవ్ మీదుగా తెస్తే కథ వేరు. ఆ ఫార్మాట్లలో లినక్స్ యజమాని వివరం నిలవదు కాబట్టి, పెన్‌డ్రైవ్ నుంచి ఏ ఖాతా కాపీ చేసుకుంటే ఆ ఖాతా పేరు మీదకే వస్తాయి.

ఇప్పుడు యజమానిని మారుద్దాం. థండర్‌బర్డ్‌ను పూర్తిగా మూసి:

సుడో చౌన్ -ఆర్ కొత్తపేరు: /హోమ్/కొత్తపేరు/.థండర్‌బర్డ్

కొత్తపేరు ఉన్న చోటల్లా మీ కొత్త ఖాతా పేరు పెట్టండి. చౌన్ అంటే సి-హెచ్-ఓ-డబ్ల్యు-ఎన్. ఆర్ క్యాపిటల్, లోపలి ఫోల్డర్లన్నిటికీ వర్తించమని దాని అర్థం. పేరు తర్వాత కోలన్ మర్చిపోవద్దు, ఫైళ్ల గ్రూపును కూడా మీదిగా మార్చేది అదే. స్నాప్ (ఉబుంటులో ప్రోగ్రామ్‌లు ఇన్‌స్టాల్ చేసే ఒక పద్ధతి) ద్వారా ఇన్‌స్టాల్ చేసుకున్నవాళ్లకు ప్రొఫైల్ ఇక్కడ కాక, హోమ్‌లోని స్నాప్/థండర్‌బర్డ్/కామన్ లోపల ఉంటుంది. ఎంటర్ కొట్టే ముందు దారిని అక్షరం అక్షరం చూసుకోండి. మొదటి స్లాష్ తర్వాత పొరపాటున ఖాళీ పడిందంటే సిస్టమ్ మొత్తం మీ పేరు మీదకు మారిపోతుంది. సుడో ప్రోగ్రామ్ రూట్ పేరు మీద లేకపోతే సుడో పనిచేయదు. అంటే తప్పు దిద్దుకునే దారి కూడా మూసుకుపోతుంది.

చాలామందికి దీంతోనే సమస్య తీరిపోతుంది. తీరకపోతే పర్మిషన్ అంకెలు చూడాలి: మూడంకెలు వరుసగా యజమానికి, గ్రూపుకు, మిగతావాళ్లకు; ఒక్కో అంకె చదివే హక్కు 4, రాసే హక్కు 2, ఎక్స్ హక్కు 1 కలిపితే వచ్చేది. ఇక్కడే ఎవరో ఒకరు ‘సీహెచ్‌మాడ్ -ఆర్ 777 కొట్టేయ్, టెన్షన్ ఉండదు’ అంటారు. సి-హెచ్-ఎమ్-ఓ-డి అనేది హక్కులు మార్చే కమాండ్, 777 అంటే అందరికీ అన్ని హక్కులూ. కొట్టకండి. యజమాని తప్పుగా ఉంటే అది తప్పుగానే ఉంటుంది, పైగా తలుపులన్నీ బార్లా తెరుచుకుంటాయి. ఆ ఫోల్డర్‌లో మీ ఉత్తరాలే కాదు, లాగిన్స్.జేసన్, కీ4.డీబీ అనే రెండు ఫైళ్లు కూడా ఉంటాయి. దాచిన పాస్‌వర్డ్‌లకు తాళంలా పనిచేసే ప్రైమరీ పాస్‌వర్డ్ మీరు పెట్టుకోకపోతే, ఈ రెండూ చేతికి చిక్కినవాళ్లు దాచుకున్న మెయిల్ పాస్‌వర్డ్‌లను చదివేయగలరు.

777కి భయపడి అన్నిటికీ 600 పెట్టేవాళ్లూ ఉన్నారు. అదీ కుదరదు. ఫైలుకు ఎక్స్ అంటే నడిపే హక్కు, ఫోల్డర్‌కు ఎక్స్ అంటే లోపలికి వెళ్లే హక్కు. 600లో అది పోతుంది కాబట్టి మీ ఫోల్డర్‌లోకి మీరే వెళ్లలేరు. ఫోల్డర్లకు 700, ఫైళ్లకు 600 ఉండాలి. ఒకే దెబ్బలో కావాలంటే:

సీహెచ్‌మాడ్ -ఆర్ యు+ఆర్‌డబ్ల్యుఎక్స్,జీఓ= ~/.థండర్‌బర్డ్

ఇందులో -ఆర్, ఎక్స్ రెండూ క్యాపిటల్. ఆ పెద్ద ఎక్స్ ఫోల్డర్లకు మాత్రమే ఎక్స్ హక్కు ఇస్తుంది, మామూలు ఫైళ్ల జోలికి పోదు. అయితే ఎవరైనా ముందే 777 కొట్టి ఉంటే ఫైళ్లకు ఎక్స్ అంటుకునే ఉంటుంది, పెద్ద ఎక్స్ దాన్ని తీసేయదు. అప్పుడు ఫైళ్లు వెతికే ఫైండ్ కమాండ్ వాడండి: ‘-టైప్ డి’తో ఫోల్డర్లు ఏరి 700, ‘-టైప్ ఎఫ్’తో ఫైళ్లు ఏరి 600.

ఇంకా తెరుచుకోకపోతే ప్రొఫైల్ ఫోల్డర్‌లో లాక్, .పేరెంట్‌లాక్ అనే రెండు పాత ఫైళ్లు కాపీలో వచ్చాయేమో చూసి, ఉంటే తీసేయండి. థండర్‌బర్డ్ మూసి ఉన్నప్పుడు అవి అవసరం లేదు. ఫెడోరాలో ఎస్‌ఈలినక్స్ (ఫైళ్ల మీద లేబుళ్లు చూసి అనుమతించే అదనపు భద్రతా ఏర్పాటు) అడ్డుపడే అవకాశం ఉంది, ‘రీస్టోర్‌కాన్ -ఆర్’ (ఆర్ క్యాపిటల్) ఆ ఫోల్డర్ మీద నడిపితే లేబుళ్లు సర్దుకుంటాయి.

మ్యాక్‌లో పద్ధతి ఇదే. మొదటి ఖాతా నంబరు 501, ఫోల్డర్ లైబ్రరీ కింద ఉంటుంది, అంతే తేడా. విండోస్‌లో ఒకటి గుర్తుంచుకుంటే చాలు: ఒకే డ్రైవ్‌లో ఫైల్‌ను కట్ చేసి పేస్ట్ చేస్తే పాత పర్మిషన్లే వస్తాయి, కాపీ చేస్తే కొత్త ఫోల్డర్‌వి వస్తాయి. కట్ చేసి తెచ్చి ఇరుక్కుంటే, అడ్మినిస్ట్రేటర్‌గా ముందు టేక్‌ఓన్ (యజమానిని మార్చే కమాండ్), తర్వాత ఐకాకిల్స్ (ఐ-సి-ఏ-సి-ఎల్-ఎస్, పర్మిషన్లు మార్చే కమాండ్) రీసెట్.

ఈ భాగానికి అభ్యాసం: ‘ఫైండ్ ~/.థండర్‌బర్డ్ ! -యూజర్ కొత్తపేరు’ నడపండి. మీవి కాని ఫైళ్లు ఉంటే వాటి జాబితా వస్తుంది. ఏమీ రాకపోతే థండర్‌బర్డ్ తెరిచి, మీకు మీరే ఒక మెయిల్ పంపుకుని, వచ్చాక దాన్ని డిలీట్ చేసి, ఫోల్డర్‌ను కంపాక్ట్ చేయండి. ఈ మూడూ అయితే హక్కుల పని ముగిసినట్టే. మెయిల్ వచ్చి కూడా పాత ఫోల్డర్లు ఖాళీగా కనిపిస్తే అది పర్మిషన్ తేడా కాకపోవచ్చు. ప్రెఫ్స్.జేఎస్ ఫైల్‌లో పాత హోమ్ ఫోల్డర్ దారి అలాగే మిగిలిపోయి ఉంటుంది. నాలుగో భాగంలో దాన్ని మార్చడం చూద్దాం, అందాకా ఆ ఫైల్‌ను ముట్టుకోకండి.