కారు లోగో చదవడం నేర్చుకుందాం: మూడో పాఠం – నీలం, తెలుపు, ఒక ప్రొపెల్లర్ కథ

ముందుగా గత పాఠంలోని ప్రశ్నకు జవాబు. ఆడి లోగోలో నాలుగు వలయాలు ఎందుకున్నాయి? కారుకుండే నాలుగు చక్రాలకు గుర్తుగా కాదు. 1932లో జర్మనీలో ఆడి, డీకేడబ్ల్యూ, హోర్ఖ్, వాండరర్ అనే నాలుగు కంపెనీలు కలిసి ఆటో యూనియన్‌గా ఏర్పడ్డాయి. ఒక్కో వలయం ఒక్కో కంపెనీకి గుర్తు. వలయాలు విడివిడిగా కాక ఒకదానిలో ఒకటి ముడిపడి ఉండడానికి కారణం కూడా అదే.

ఈరోజు బీఎండబ్ల్యూ లోగో చూద్దాం. దీన్ని కావాలనే ఎంచుకున్నాను. ఎందుకంటే దీని గురించి చాలామందికి తెలిసిన కథ వినడానికి ఎంతో బాగుంటుంది, కానీ నిజం కాదు.

లోగోను ఒకసారి నిదానంగా చూడండి. నల్లని అంచున్న గుండ్రటి బిళ్ల, పై అంచులో మూడు అక్షరాలు, లోపల నాలుగు భాగాలు. ఎడమవైపు పైభాగం నీలం, దాని పక్కది తెలుపు, కింద అదే రంగులు తారుమారుగా ఉంటాయి. నీలాకాశంలో తెల్లగా గిర్రున తిరిగే విమానం ప్రొపెల్లర్ ఇదని చెబుతారు. నమ్మబుద్ధేస్తుంది కూడా. ఆ కంపెనీ మొదట్లో తయారుచేసింది విమానాల ఇంజిన్లే కదా! అయితే కథ అతికినట్టు సరిపోయినంత మాత్రాన అది రుజువు కాదు. అందుకే ఈ పాఠంలో నేర్చుకోవాల్సిన పని ఒకటుంది: లోగో పుట్టిన ఏడాదిని, కథ పుట్టిన ఏడాదిని పక్కపక్కన రాసుకోవడం.

మ్యూనిక్‌లో రాప్ మోటోరెన్‌వెర్కె అనే ఇంజిన్ల కంపెనీ ఉండేది. 1917 జులైలో దాని పేరు బయెరిషె మోటోరెన్ వెర్కె అని మారింది. బవేరియా ఇంజిన్ల కర్మాగారం అని ఆ పేరుకు అర్థం; బవేరియా అంటే జర్మనీలో మ్యూనిక్ ఉన్న రాష్ట్రం, అప్పట్లో ఒక రాజ్యం. ఆ మూడు మాటల మొదటి అక్షరాలే బీఎండబ్ల్యూ. కొత్త లోగోను 1917 అక్టోబర్ 5న నమోదు చేయించారు. రాప్ లోగో కూడా గుండ్రంగానే ఉండేది. నల్లటి అంచులో కంపెనీ పేరు, మధ్యలో గుర్రం తల. కొత్త లోగోలో ఆ నల్లటి అంచు అలాగే ఉండిపోయింది. గుర్రం పోయి, దాని చోట బవేరియా రంగులైన తెలుపు, నీలం వచ్చాయి. పేరులోనే బవేరియా ఉన్నప్పుడు ఆ రంగులు పెట్టుకోవడంలో వింతేముంది?

ఒక చిన్న విషయం ఇక్కడ నాకు చాలా ఇష్టం. రాజచిహ్నాల సంప్రదాయంలో రంగుల్ని ఎడమవైపు పైనుంచి గడియారం ముల్లు తిరిగే దిక్కులో చదువుతారు. అలా చదివితే బవేరియా రంగులు తెలుపుతో మొదలవ్వాలి, బీఎండబ్ల్యూలోనేమో నీలంతో మొదలవుతాయి. ఇది పొరపాటు కాదు. రాజ్య చిహ్నాల్ని ట్రేడ్‌మార్క్‌లో వాడకూడదని అప్పటి చట్టం. అందుకని వరుస తిప్పేశారు.

మరి ప్రొపెల్లర్ ఎక్కడినుంచి వచ్చింది? 1929లో విమాన ఇంజిన్ కోసం వేసిన ఒక ప్రకటనలో, విమానం ముందు తిరుగుతున్న ప్రొపెల్లర్ మీద ఈ లోగోను చూపించారు. 1942లో కంపెనీ సొంత పత్రికలో వచ్చిన వ్యాసం కూడా ఇదే కథను బలపరిచింది. ఇప్పుడు లెక్క చూడండి. లోగో 1917 నాటిది, బొమ్మ 1929 నాటిది. మధ్యలో పన్నెండేళ్లు. కథ లోగోలోంచి పుట్టింది గానీ లోగో కథలోంచి పుట్టలేదు. కంపెనీయే చెప్పింది కదా అని నమ్మేయకూడదనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

అన్నట్టు, ఈ లోగో పుట్టేనాటికి ఆ కంపెనీకి కార్లే లేవు. ముందు 1923లో ఆర్32 మోటార్‌సైకిల్ వచ్చింది. కార్ల తయారీలోకి దిగింది 1928లో, ఐజెనాక్ పట్టణంలోని కార్ల ఫ్యాక్టరీని కొన్నాక.

అభ్యాసం: సిట్రోయెన్ లోగోలో ఒకదాని మీద ఒకటిగా ఉన్న రెండు బాణం మొనల్ని కాగితం మీద గీయండి. ఆంద్రె సిట్రోయెన్ కార్లు అమ్మడం మొదలుపెట్టింది 1919లో. అంతకుముందు ఆయన ఫ్యాక్టరీలో ఏ యంత్రభాగం తయారయ్యేదో వెతకండి. దాని పళ్లను పైనుంచి చూసినట్టు గీసి, మీ మొదటి బొమ్మ పక్కన పెట్టుకోండి. వచ్చే పాఠం ఆ రెండు బొమ్మలతోనే మొదలవుతుంది.