గాజు వీపు ఫోన్‌కి ఇంట్లో బ్యాటరీ మార్చాలంటే

ఫోన్‌లో అన్నిటికంటే ముందు ముసలిదయ్యేది బ్యాటరీ. పాత ఫోన్లలో 500, కొత్తవాటిలో 800 నుంచి 1000 సార్లు నిండా చార్జ్ అయ్యేసరికి దాని సామర్థ్యంలో ఐదో వంతు పోతుంది. నోకియా రోజుల్లో ఇదో సమస్యే కాదు. 2007లో 4.6 కోట్ల బీఎల్-5సీ బ్యాటరీలు చార్జింగ్‌లో వేడెక్కే ప్రమాదముందని ఆ కంపెనీ చెప్పినప్పుడు కూడా ఫోన్ మార్చాల్సిన పని రాలేదు, గోటితో మూత లాగి బ్యాటరీ మారిస్తే సరిపోయింది. ఇప్పుడు ఆ మూతని గమ్‌తో అతికిస్తున్నారు. అసలు కష్టమంతా ఆ గమ్ దగ్గరే.

2019లో వచ్చిన రెడ్‌మీ నోట్ 8నే తీసుకుందాం. ఇప్పటికీ చాలామంది చేతుల్లో ఉంది. 30 శాతం చూపిస్తూనే కెమెరా ఫ్లాష్ వేయగానే ఆగిపోతుంటే బ్యాటరీ పోయినట్టే. లోపలి నిరోధకత పెరిగి, ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగేసరికి వోల్టేజీ కుప్పకూలుతుంది. వీపు పైకి లేచి అంచు దగ్గర సందు కనిపిస్తే లోపల బ్యాటరీ ఉబ్బింది. వెంటనే చార్జింగ్ ఆపేయండి. నొక్కి సర్దే ప్రయత్నం అస్సలు వద్దు, దాన్ని షాపుకే వదిలేయండి.

కొనేటప్పుడు ఫోన్ పేరు ఒక్కటే చెబితే చాలదు, బ్యాటరీ నంబర్ చూడాలి. నోట్ 8కి బీఎన్46, 4000 ఎంఏహెచ్ (బ్యాటరీ ఎంత చార్జ్ పడుతుందో చెప్పే కొలత). శాంసంగ్‌వి ఈబీతో, ఒప్పో, రియల్‌మీ, వన్‌ప్లస్‌వి బీఎల్‌పీతో మొదలవుతాయి. అదే సైజులో 6000 అని రాసి ఉంటే ఆ అంకె అబద్ధం. హైదరాబాద్‌లో అబిడ్స్ జగదీష్ మార్కెట్ లాంటి చోట కొంటే, బోణీ బేరమైనా సరే, అక్కడే వోల్టేజీ కొలిచే మీటర్ పెట్టి చూపించమనండి. 3 వోల్టుల లోపు చూపిస్తే అది ఏళ్ల తరబడి అరలో పడున్న సరుకు.

కావలసినవి: పీహెచ్00 (చిన్న ప్లస్ మొన) స్క్రూ డ్రైవర్, సందులో దూర్చడానికి రెండు మూడు పల్చని ప్లాస్టిక్ పిక్‌లు, పాత ఏటీఎం కార్డు, హెయిర్ డ్రయర్, 90 శాతం పైబడిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్, బీ-7000 గమ్, పక్కన ఒక బకెట్ ఇసుక. శానిటైజర్ పనికిరాదు, అందులో నీళ్లూ గ్లిజరినూ ఉంటాయి.

ముందు చార్జ్ 25 శాతం లోపుకి దించి స్విచాఫ్ చేయండి. నిండుగా ఉన్న బ్యాటరీకి చిల్లు పడితే మంట పెద్దది. సిమ్ ట్రే తీసేయండి, లేకపోతే వీపు లేపేటప్పుడు అడ్డొస్తుంది. అంచుల వెంబడి రెండు మూడు నిమిషాలు వేడిగాలి పట్టండి. వేలు ఆనిస్తే చురుక్కుమనాలి, కానీ ఆనించి ఉంచగలగాలి. కింది మూల నుంచి పిక్‌ని 2, 3 మిల్లీమీటర్లు మాత్రమే లోపలికి పోనిచ్చి చుట్టూ తిప్పండి. గట్టిగా ఉన్నచోట బలం పెట్టొద్దు, మళ్లీ వేడి చేయండి.

అంచులన్నీ వదిలాక చాలామంది ఉత్సాహంగా వీపుని ఒక్క లాగు లాగేస్తారు. దాంతో వేలిముద్ర సెన్సర్ తెగుతుంది. సెన్సర్ వీపు మీదుంది, దాని స్ట్రిప్, అంటే వైరు పట్టీ, లోపలి సర్క్యూట్ బోర్డుకి తగిలించి ఉంటుంది. కాగితమంత పల్చన. వీపుని పుస్తకం అట్టలా మెల్లగా తెరిచి, కింద చూసి, స్ట్రిప్ వదిలించాకే పక్కన పెట్టండి.

లోపల బోర్డు మీదున్న కవర్ స్క్రూలు విప్పుతూ ఏది ఏ రంధ్రానిదో కాగితం మీద గీసిన బొమ్మపై అదే చోట పెట్టుకోండి. పొడుగు స్క్రూ పొట్టి రంధ్రంలో బిగిస్తే బోర్డు లోపలి పొరలు తెగుతాయి, ఫోన్ అక్కడితో సరి. మిగతా వేటినీ కదిలించక ముందే బ్యాటరీ కనెక్టర్‌ని ప్లాస్టిక్ ముక్కతో నిట్టనిలువుగా లేపండి. ఇనుప పనిముట్టు తగిలితే షార్టవుతుంది.

బ్యాటరీ కింద గమ్ అసలు మొండిది. అంచున ఆల్కహాల్ నాలుగైదు చుక్కలు వేసి, ఫోన్ వంచి లోపలికి పారనిచ్చి, రెండు నిమిషాలు ఆగండి. ఆ తర్వాత కార్డుని అడ్డంగా తోస్తూ పోవాలి. బ్యాటరీని వంచకూడదు. లోపల చుట్టిన పొరలు ఒకదానికొకటి తగిలితే పొగ మొదలవుతుంది. పొగ వస్తే ఇసుకలో పడేసి కిటికీలు తెరవండి. ఊదడం, ఉత్త చేత్తో ముట్టుకోవడం వద్దు.

కొత్తది అతికించక ముందే కనెక్టర్ తగిలించి, ఆన్ చేసి, చార్జర్ పెట్టి చూడండి. అన్నీ పనిచేస్తేనే స్విచాఫ్ చేసి గమ్ వేయండి. అంచుకి సన్నని గీతలా చాలు, ఎక్కువైతే స్పీకర్ జాలీలోకి పోతుంది. పైన రెండు పుస్తకాలు బరువు పెట్టి 24 గంటలు కదపకండి. చినుకులకు తట్టుకునే గుణం పోయిందనే అనుకోండి. మొదటి కొన్ని రోజులు శాతం తప్పు చూపిస్తే కంగారు లేదు, ఒకటి రెండు సార్లు నిండా ఎక్కించి బాగా దించితే సర్దుకుంటుంది.

ఇంత తంటా ఎందుకనిపిస్తే మూత తెరుచుకునే ఫోన్లూ ఉన్నాయి. మన దేశంలో 2024లో వచ్చిన శాంసంగ్ ఎక్స్‌కవర్ 7లో 4050 ఎంఏహెచ్ బ్యాటరీని చేత్తోనే తీయొచ్చు. యూరప్‌లో 2027 ఫిబ్రవరి 18 నుంచి ఇలా వాడేవాళ్లే మార్చుకోగలిగేలా ఉండాలని చట్టం తెచ్చారు, కొన్ని మినహాయింపులతో.

పాత బ్యాటరీ కనెక్టర్‌కి సెల్లోటేప్ చుట్టి ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకే ఇవ్వండి. చెత్తబండిలో వేస్తే అక్కడ నలిగి బండే అంటుకుంటుంది.